కల్టివేటర్ కాలు అతుకు పక్కనే విరుగుతోంది, ఏ రాడ్డు వాడాలి?

పెదరేగడి
మాది ఒంగోలు వైపు, నల్లరేగడి. తొమ్మిది కాళ్ళ కల్టివేటర్ ఉంది, స్ప్రింగులది. ట్రాక్టర్ పెద్ద టైర్ల వెనకాల వచ్చే రెండు కాళ్ళు పోయిన సీజన్ నుంచి విరుగుతూనే ఉన్నాయి. ఊళ్ళో వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తే అతను రెండు ముక్కలూ ఆనించి మామూలు రాడ్డుతో చుట్టూ అంటించి, వేడి మీదే నీళ్ళ తొట్టిలో ముంచి చేతికిస్తాడు. రెండెకరాలు దున్నేసరికి మళ్ళీ టప్. విచిత్రం ఏంటంటే అతుకు అతుకులాగే ఉంటుంది, దాని పక్కన పావంగుళం దూరంలో విరుగుతోంది. అదునులో షాపు దగ్గర లైను, మనకంటే ముందు పది ట్రాక్టర్లు ఉంటాయి. విసుగొచ్చి 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిషన్ ఒకటి కొన్నా, ఐటీఐ చదివిన మా బావమరిది దగ్గర హోల్డర్ పట్టుకోవడం వరకు నేర్చుకున్నా. ఏ రాడ్డు వాడాలి, ఎన్ని ఆంప్స్ పెట్టాలి, అసలు ఈ కాలు అతికే సరుకేనా కాదా. చేత్తో చేసినవాళ్ళు చెప్పండి, వీడియోలు చూసి చెప్పేవాళ్ళు దయచేసి వద్దు.

కేజీవీలు
7018 రాడ్డు. అంతే.

ట్రాలీతాత
కొత్త కాలు కొనుక్కోవయ్యా. దానికోసం మిషనా.

పెదరేగడి
తాతా, కొత్తది కొని తెచ్చేసరికి పదును ఆరిపోద్ది. పైగా మా దగ్గర దొరికేవి లోకల్ కాళ్ళు, పాతదాని బోల్టు రంధ్రాలకి కలవవు.

దోహా_హోల్డర్
కేజీవీలన్న ఒక్క ముక్కల తేల్చిండు గని రాడ్డు మారిస్తే అయిపోయే పని కాదిది. పెదరేగడన్న చెప్పినదాంట్ల అసలు సంగతి ఆ నీళ్ళ తొట్టి. కల్టివేటర్ కాలు మామూలు యాంగిలర్ ఇనుము కాదు, కార్బన్ ఎక్కువుంటది. అతుకు పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల ఇనుము కరగది గని ఎర్రగైతది, ఆ ఎర్రనిదాన్ని జల్ది సల్లారిస్తే గట్టిపడి గాజు లెక్క పెళుసైతది. అందుకే అతుకు నిలబడ్తది, పక్కన ఇరుగుతది. నీళ్ళల్ల ముంచకున్నా సుత ప్రమాదమే, లావు ఇనుము సల్లగున్నప్పుడు సన్నగ బీడు (వెల్డింగ్ గీత) కొట్టినవనుకో, సుట్టూ ఉన్న ఇనుమే ఆ వేడిని గుంజుకుంటది, ముంచినట్టే లెక్క.

చేసే తీరు చెప్త. ఇరిగిన కాడ రెండు దిక్కులా గ్రైండర్‌తోని వీ అక్షరం లెక్క గాడి కొట్టు, నడుమ రెండు మిల్లీమీటర్ల సందు ఉంచు, రంగు తుప్పు గ్రీజు ఏదీ ఉండొద్దు. పాత వెల్డింగ్ మొత్తం తీసెయ్, దాని పక్కన పెళుసైన ముక్క గూడ తీసెయ్, దాని మీదనే కొడితే మళ్ళ అక్కడికెల్లే పోతది. తర్వాత బర్నర్‌తోని రెండు దిక్కులా జానెడు మేర వేడి చెయ్యి, 200 డిగ్రీలు దాటాలె, స్ప్రింగు ఇనుమైతే 250 నుంచి 300. 7018 రాడ్డు, 3.15ది, 110 నుంచి 130 ఆంప్స్ నడుమ చూస్కో, హోల్డర్ పాజిటివ్‌కు పెట్టు, ఆర్క్ పొట్టిగ పట్టు. ఈ దిక్కు ఒక బీడు, తిప్పి ఆ దిక్కు ఒక బీడు, లేకుంటే కాలు వంకర పోతది. అయినంక పొడి బూడిదల పూడ్చి పొద్దుగాల దాకా మర్చిపో. నేను జగిత్యాల దిక్కు, ఇక్కడ పైపు వెల్డింగ్ చేస్త, 45 డిగ్రీల వంకర్ల పైపు కదలకుండ పెట్టి సుట్టూ కొట్టే 6జీ టెస్టు పాసైతేనే సైట్లకు రానిస్తరు. గని ఊర్లె కొమురయ్య మామ కొలిమి కాడ బూడిదల పెట్టుడు సూసినప్పుడు నాకు ఇవన్ని తెల్వయి.

కేజీవీలు
నేనూ అదే చెప్పా, పొట్టిగా చెప్పా 😀

గోదారిగట్టు
మీరు చెప్పింది సగం వీ అండి, దోహా గారిది మొత్తం వీ.

శీను_వెల్డింగ్‌వర్క్స్
షాపువాడిగా ఒక మాట. పైన అందరూ షాపతను నీళ్ళలో ముంచాడు నీళ్ళలో ముంచాడు అంటున్నారు, ముంచమనేదెవరో కూడా చెప్పండి. రైతు వచ్చేదే ట్రాక్టర్ ఇంజన్ ఆపకుండా, కల్టివేటర్ లేపే ఉంచి, "ఒరేయ్ శీనూ ఒక్క రాడ్డు కొట్టరా" అంటాడు. వీ కొడతా, వేడి చేస్తా, రేపు పొద్దున రండి అంటే పక్క షాపుకి పోతాడు. గ్రైండింగ్ బిళ్ళ అరుగుతుంది, గ్యాస్ ఖర్చవుతుంది, ఆ డబ్బులు అడిగితే "అంటించడానికి ఇంతా" అంటారు. ఇచ్చిన డబ్బుకి తగ్గ పనే వస్తుంది. పద్ధతిగా చేయించుకునేవాళ్ళకి నేను పద్ధతిగానే చేస్తా, అవి మళ్ళీ రావు కూడా.

పెదరేగడి
శీను అన్నా, నీ మాట నిజమే గానీ మా షాపతనికి నేను ఆగుతానని చెప్పినా ముంచాడు. చెయ్యి కాలుతుందట.

కొలిమి
కమ్మరోళ్ళ ఇంట్లో పుట్టినోడిని, ఇప్పుడు కొలిమి పక్కనే వెల్డింగ్ మిషన్ కూడా పెట్టుకున్నా. రాడ్డు గొడవ తర్వాత, ముందు అది ఏ ఇనుమో తెలుసుకో. గ్రైండర్ పెట్టి నిప్పురవ్వలు చూడు, వెలుతురు తక్కువున్న చోట. మెత్తటి ఇనుమైతే రవ్వలు పొడుగ్గా పసుప్పచ్చగా వెళ్ళి చివర్లో ఒకటో రెండో చీలతాయి. కార్బన్ ఎక్కువైతే రవ్వలు పొట్టిగా ఉండి బోల్డన్ని చీలికలతో పూలు పూస్తాయి. పోత ఇనుమైతే ఎర్రగా, గ్రైండర్ దగ్గరే చచ్చిపోతాయి. తెలిసిన ముక్కలు పక్కన పెట్టుకుని పోల్చుకో, ఒక పక్క యాంగిలర్ ముక్క, ఒక పక్క లారీ స్ప్రింగుల పాత కమాన్‌పట్టా.

లోకల్ కాళ్ళలో కొన్ని ఉత్త మెత్తటి పట్టీ వంచి చేసినవే ఉంటాయి. అవి విరగవు, వంగుతాయి. నీది విరుగుతోందంటే కార్బన్‌దే.

వేడి ఎంతైందో చూడ్డానికి మిషన్లేం అక్కర్లేదు, ఒక చోట గ్రైండర్‌తో తళతళలాడించి అక్కడ రంగు చూడు. లేత ఎండుగడ్డి రంగు తిరిగిందంటే 220 దరిదాపు. నీలం వచ్చిందంటే 300 దగ్గరకొచ్చావు, ఇంక మంట తియ్యి.

మెక్_చదివినోడు
లేజర్ తుపాకీ థర్మామీటర్లు ఆన్‌లైన్‌లో చవకే కదా, రంగులు చూడ్డం ఎందుకు?

ఐటీఐ_సారు
తళతళలాడే ఇనుము మీద ఆ తుపాకీ తక్కువ చూపిస్తుంది బాబూ. మసి పట్టిన చోటో, తుప్పు రంగు ఉన్న చోటో పెడితే కాస్త నమ్మొచ్చు. వేడికి కరిగే సుద్దలు కూడా దొరుకుతాయి, 200 డిగ్రీలది గీస్తే 200 దాటాక కరుగుతుంది. కొలిమి గారి పద్ధతిలో ఖర్చు లేదు, తప్పూ లేదు.

ఇంకో సంగతి, 7018 అనగానే అందరూ పెట్టె కొనేస్తారు, ఆ పెట్టె చింపి షెడ్డులో మూల పడేస్తారు. దాని పూత గాల్లో తడి పీల్చుకుంటుంది. ఆ తడిలోంచి హైడ్రోజన్ కరిగిన ఇనుములోకి వెళ్తుంది, పెళుసైన చోట చేరి పగులు పుట్టిస్తుంది. అదీ అప్పుడే కాదు, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండో రోజు. సాయంత్రం బ్రహ్మాండంగా ఉన్న అతుకు పొద్దున పొలంలో పెట్టగానే పోవడం చాలావరకు ఇదే. తడి పట్టిన 7018 కంటే పొడిగా ఉన్న 6013, అంటే మామూలు రాడ్డు, నయం అని మా పిల్లలకి చెప్తుంటా. 7018ని 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంట పైన కాల్చి వాడాలి. కొత్త పెట్టె సీలు తీస్తే నాలుగు గంటల్లో వాడేసేలా చూసుకో. 6013కి అంత కాల్పు పనికిరాదు, దాని పూత పాడవుతుంది.

గోదారిగట్టు
ఎండలో ఆరబెడితే చాలదాండీ? మా రాజమండ్రి ఎండకి వడియాలే కాదు మనుషులు కూడా ఆరిపోతారు.

ఐటీఐ_సారు
చాలదు. ఎండ ఎంత కాసినా 300 రాదు కదా.

కేజీవీలు
మా ఆవిడ కేకులు చేసే ఓవెన్ ఉంది, 250 వరకు వస్తుంది.

ఐటీఐ_సారు
250కి పూర్తిగా కాలదు. కాల్చినవి చల్లబడకుండా నిలవ ఉంచడానికైతే పనికొస్తుంది.

కేజీవీలు
నిలవ ఉంచితే నన్ను బయట నిలవ ఉంచుద్ది. వద్దులెండి.

ట్రాలీతాత
మా రోజుల్లో ఆయిల్ సెట్టు (పాత ఏసీ వెల్డింగ్ మిషన్) మీద ఏ రాడ్డు దొరికితే ఆ రాడ్డు కొట్టేవాళ్ళం, ట్రాలీలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఈ కాల్పులూ గీల్పులూ కొత్తగా వచ్చినయ్.

శీను_వెల్డింగ్‌వర్క్స్
తాతా, ట్రాలీ తొట్టి మెత్తటి ఇనుము, దానికి 6013 ఇప్పటికీ చాలు. నేనూ పట్టీలకీ డోర్లకీ అదే వాడతా. 7018 ఆ పాత ఏసీ సెట్ల మీద సరిగా వెలగను కూడా వెలగదు, అంటుకుని ఆగిపోద్ది. పెదరేగడిది ఇన్వర్టర్ డీసీ కాబట్టి ఇబ్బంది ఉండదు. ఒకటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, 7018 మధ్యలో ఆపి మళ్ళీ వెలిగించేటప్పుడు కొసకి గాజుపెంకు కడుతుంది, ముందు చిత్తు ఇనుము మీద గీకి ఆ పెంకు రాల్చి అప్పుడు పని మీద పెట్టు.

సీమ_శనక్కాయ
అందురూ అతుకు గురించే మాట్లాడతాండారు, ఆ రెండు కాళ్ళే ఎందుకు ఇరుగుతాండాయని ఒక్కరన్నా అడిగినారా? తొమ్మిది కాళ్ళుంటే టైర్ల ఎనకాల కాళ్ళకే ఎక్కువ బరువు పడేది నిజమే, టైరు తొక్కి నేల గట్టిపడింటాది. కానీ స్ప్రింగు కల్టివేటర్ అంటే రాయో మొద్దో తగిలినప్పుడు కాలు ఎనక్కి లేచి మళ్ళా దిగల్ల. స్ప్రింగు బోల్టు మొత్తం బిగిచ్చేసినా, కాలు తిరిగే పిన్ను తుప్పుపట్టి పట్టేసినా కాలు ల్యావదు, ఆ దెబ్బంతా కాలే తినాల. అప్పుడు బంగారంతో అతికినా ఇరుగుతాది. కల్టివేటర్ పైకి లేపి, సరిగ్గా జాకీల మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి, పొడుగు పైపు ఏసి కాలు ఎనక్కి ఎత్తి చూడప్పా, మిగతా ఏడు కాళ్ళతో పోల్చి చూడు.

నేను గార్లదిన్నెలో ట్రాక్టర్ల ట్రైనింగు, టెస్టింగు సంస్థ ఉండాది చూడు, అనంతపురం జిల్లాలో, సెంట్రల్ గవర్నమెంటుది, ఆడ ట్రైనింగుకి పోయింటి. ఇరిగిన సామాను చూపిస్తే వాళ్ళు మొదట అడిగేది ఇదే, ఎట్ల ఇరిగింది అని.

దోహా_హోల్డర్
శనక్కాయన్న మాట వందకు వంద. నేను చూడలే ఆ సంగతి.

పెదరేగడి
ఇప్పుడే వెళ్ళి చూసొచ్చా. రెండిట్లో ఒకదాని పిన్ను కదలనే కదలట్లేదు. ఇంకోదాని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఇంక నొక్కుకోవడానికి సందే లేదు. మా డ్రైవర్ని అడిగితే "లోతు దిగాలని బిగించా" అన్నాడు.

ట్రాలీతాత
😂 డ్రైవర్ని అతికించు ముందు.

సీమ_శనక్కాయ
లోతు కావల్లంటే హైడ్రాలిక్‌లో చూసుకోవల్ల, పై కడ్డీ టాప్ లింక్‌లో చూసుకోవల్ల, స్ప్రింగు బిగిస్తే లోతు వస్తాదా? పిన్నుకి డీజిలు పోసి నానబెట్టు. రాకుంటే ఎర్రగా కాల్చి సల్లారనిచ్చి కొట్టు.

ఖమ్మం_మిర్చి
పిన్ను కాల్చుడు మాటొచ్చింది కాబట్టి అడుగుత, నా దగ్గర గ్యాస్ కటింగ్ సెట్టు పెడదామనుకుంటున్న. ఆక్సిజన్‌కు తోడు కార్బైడ్ గ్యాసా, ఎల్పీజీనా? ఇంట్ల సిలిండర్ పెట్టుకోవచ్చా?

శీను_వెల్డింగ్‌వర్క్స్
ఇంటి సిలిండర్ వద్దు. 14.2 కిలోలది వంటకిచ్చేది, షాపులో పట్టుకుంటే కేసు. 19 కిలోల కమర్షియల్ తీసుకో. కోతకి ఎల్పీజీ చాలు, ఖర్చు తక్కువ, కాకపోతే ముందు ఇనుము వేడెక్కడానికి కాస్త టైం తీసుకుంటుంది, ఆక్సిజన్ ఎక్కువ తాగుతుంది. గ్యాస్‌తో వెల్డింగ్ కూడా చెయ్యాలంటే ఎల్పీజీతో కుదరదు, ఎసిటిలీనే (కార్బైడ్ గ్యాసు) కావాలి. నాజిల్ రెండిటికీ వేరు. ఎసిటిలీన్ నాజిల్‌కి ఎల్పీజీ పెట్టి మంట నిలవట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది.

ఐటీఐ_సారు
ఖమ్మం బాబూ, సెట్టు కొనేముందు ఇవి చదువు. ఆక్సిజన్ సిలిండర్ నల్లది, ఎసిటిలీన్‌ది ముదురు ఎరుపు. ఎసిటిలీన్ నట్లకి ఎడమ మర ఉంటుంది, నట్టు మీద గాటు ఉంటుంది, బలవంతంగా కుడి వైపు తిప్పి బిగించకు. ఎసిటిలీన్ సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉండాలి, లోపల ఎసిటోన్‌లో కరిగి ఉంటుంది ఆ గ్యాసు, పడుకోబెట్టి వాడితే ఎసిటోన్ పైపులోకి వచ్చేస్తుంది. రెగ్యులేటర్లో 1 బార్ దాటించకు, ఆ పైన ఎసిటిలీన్ తనంతట తనే పేలగలదు, ఆక్సిజన్ కలవక్కర్లేదు. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, గుంటలో, షెడ్డు మూలల్లో చేరి కూర్చుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆక్సిజన్ రెగ్యులేటర్ మర బిగుసుకుందని నూనె చుక్క వెయ్యడం, గ్రీజు చేతులతో తిప్పడం. మన మెకానిక్ షెడ్లలో గ్రీజు లేని చెయ్యి ఉంటుందా! ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది. రెండు పైపులకీ మంట వెనక్కి తన్నకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు పెట్టించు, అవి లేని సెట్టు నువ్వు కొనొద్దు.

ఖమ్మం_మిర్చి
సరే సారు. దీంతోని పోత ఇనుము కోయొచ్చా? పాత ట్రాక్టర్ హౌసింగ్ ముక్కలున్నయ్.

ఐటీఐ_సారు
కోతలో జరిగేది కరగడం కాదు, ఎర్రబడ్డ ఇనుము ఆక్సిజన్‌లో మండిపోవడం. మెత్తటి ఇనుము అలా మండి బూడిదై ఎగిరిపోతుంది. పోత ఇనుము, స్టెయిన్‌లెస్ అలా మండవు, ముద్దలు ముద్దలుగా కరిగి అంచు పాడవుతుంది. వాటికి ప్లాస్మా కటింగ్ మిషన్ వాడాలి. ప్లాస్మాకి పొడి గాలి కావాలి, కంప్రెసర్లో నీళ్ళు పట్టే ఫిల్టర్ లేకపోతే నాజిళ్ళు రోజుకొకటి పోతాయి.

కొలిమి
ఇంకోటి, కార్బన్ ఇనుముని గ్యాస్‌తో కోస్తే ఆ కోసిన అంచు కూడా పెళుసవుతుంది. డిస్కు ప్లేటుకి గ్యాస్‌తో రంధ్రం వేస్తారు చూడు, సీజన్ తిరిగేలోగా ఆ రంధ్రం నుంచే పగులు మొదలవుతుంది. కోసిన అంచు రెండు మూడు మిల్లీమీటర్లు గ్రైండ్ చేశాకే వెల్డింగ్ పెట్టాలి.

కేజీవీలు
నా పేరే కేజీవీలు కాబట్టి అడుగుతున్నా, దమ్ము చక్రాల (కేజ్ వీల్స్) పట్టీలు ఊడిపోతున్నాయి ప్రతి సీజనూ. అవి మెత్తటివేగా?

గోదారిగట్టు
మెత్తటివే అండి. మీరు పట్టీకి ఒక పక్కనే అతుకు వేసుంటారు, దమ్ములో పట్టీ అటూ ఇటూ తన్నుకుంటుంది కదా, రెండు పక్కలా వెయ్యాలి, మూలల దాకా తిప్పి ముగించాలి. ఇంకోటండి, దమ్ము చక్రాలతో తారు రోడ్డు ఎక్కితే ఏ అతుకూ నిలవదు, పంచాయతీ వాళ్ళ తిట్లు వేరే.

మెక్_చదివినోడు
ఎర్త్ క్లిప్పు గురించి ఎవరూ చెప్పలేదు. మా నాన్న రోటావేటర్ బ్లేడు ఫ్లాంజ్ పగిలితే షాపతను ఎర్త్ తీసుకెళ్ళి పైన ఫ్రేముకి పెట్టాడు, వెల్డింగ్ కింద రోటర్ మీద. కరెంటు మధ్యలో బేరింగుల్లోంచి వెళ్ళింది. బాల్స్ మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి, తర్వాత బేరింగు అరుపు మొదలైంది. ఎర్త్ ఎప్పుడూ అతికే ముక్కకే, పక్కనే పెట్టాలి.

దోహా_హోల్డర్
కరెక్ట్. ట్రాక్టర్‌కు తగిలించి ఉన్నప్పుడు వెల్డింగ్ పెట్టేదుంటే బ్యాటరీ నెగటివ్ పీకాలె, ఆల్టర్నేటర్ పోతది లేకుంటే. కొత్త బండ్లకు ఇంక భయం, 50 హెచ్‌పీ పైన ట్రాక్టర్లకు 2023 జనవరి సంది ట్రెమ్ 4 అని కొత్త పొగ రూల్ వచ్చింది కద, వాటిల్ల ఇంజన్ కంప్యూటర్ ఉంటది, దాని కనెక్టర్లు సుత తీయాలె. ఉత్తమం ఏందంటే సామాను ఇప్పి కింద పెట్టి అతుకుడు.

సీమ_శనక్కాయ
రోటావేటర్ బ్లేడ్లు మాత్రం అతకద్దండి ఎవరూ. అవి బోరాన్ స్టీలు, నీళ్ళు పట్టిచ్చినవి (కాల్చి ముంచి గట్టి చేసినవి). అతికిన ముక్క ఊడితే బుల్లెట్టు. బోల్టు ఇప్పి కొత్తది ఏసుకునేదే. ఎదురుగా ఉండే బ్లేడు కూడా మార్చల్ల, లేకుంటే రోటరు అదురుతాది.

హార్వెస్టర్_మామ
మాది చైన్ హార్వెస్టర్, ఊరూరా తిరుగుతాం. వరి పొట్టులో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది కదా, రేకులు అరిగి జల్లెడైపోతాయి, పొలంలోనే పట్టీలు వేస్తుంటాం. దేనికంటే నాకు నిప్పు భయం. దుమ్ము, ఎండుగడ్డి, డీజిలు, హైడ్రాలిక్ ఆయిల్ అన్నీ ఒకే చోట. వెల్డింగ్‌కి ముందు గాలి కొట్టి తవుడంతా దులుపుతాం, చుట్టూ తడి గోనెసంచులు కప్పుతాం, ఒక మనిషి బక్కెట్టు పట్టుకుని నిలబడాలి, అయిపోయాక కూడా అరగంట అక్కడే కూర్చోవాలి. నిప్పురవ్వ గడ్డిలో దూరి చాలాసేపటికి లేస్తుంది.

పెదరేగడి
మామా, డీజిల్ ట్యాంకు కారుతుంటే అతుకుతారా మీరు? మా పాత ట్రాక్టర్ది చెమ్మ పడుతోంది.

హార్వెస్టర్_మామ
అతకం. సబ్బు రాసి రేడియేటర్ షాపుకి పంపిస్తాం.

శీను_వెల్డింగ్‌వర్క్స్
నేనూ ట్యాంకు ముట్టను, ఎంత ఇచ్చినా. "ఖాళీ చేశా, కడిగా" అంటారు. ఖాళీ ట్యాంకే ప్రమాదం, నిండుగా ఉన్నదానికంటే. లోపల ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. ఖాళీ డ్రమ్ముల మూత గ్యాస్‌తో కోసేవాళ్ళు పోయింది కూడా అందుకే. తెలిసినవాళ్ళు వేడినీళ్ళు సోడాతో కడిగి, మళ్ళీ అతుకు దాకా నీళ్ళు నింపి, మిగిలిన సందు తెరిచి ఉంచి చేస్తారు. నువ్వు మొన్నేగా మిషన్ కొన్నావ్, దాని జోలికి పోకు. డ్రమ్ములే కాదు, రెండు వైపులా మూసేసిన పైపు, గుల్ల రోలర్ లాంటివి కూడా ముందు రంధ్రం వేశాకే వేడి పెట్టాలి.

గోదారిగట్టు
కళ్ళ గురించి కూడా చెప్పండి ఎవరైనా. మా తమ్ముడు నిన్న నల్ల కళ్ళజోడుతో ట్యాక్‌లు (చిన్న అతుకు చుక్కలు) కొట్టాడు, రాత్రంతా ఏడుపు. మా పిన్ని చనుబాలు వేయిద్దామంటోంది, పెద్దమ్మ ఆలుగడ్డ ముక్కలంటోంది.

కంటిడాక్టరమ్మ
రెండూ వద్దు. పాలలో సూక్ష్మజీవులుంటాయి, మంట పుట్టి పైపొర దెబ్బతిన్న కంట్లో అవి వేస్తే ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నట్టే. ఇది వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకి కనుపాప మీద పొర కాలడం. పని చేసిన కొన్ని గంటలకి మొదలవుతుంది, అందుకే అర్ధరాత్రి లేస్తారు. చీకటి గదిలో ఉంచి మూసిన కళ్ళ మీద చల్లటి తడిగుడ్డ వేయండి, కళ్ళు నలపనివ్వకండి, ఈరోజే కంటి డాక్టరుకి చూపించండి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. మందుల షాపులో ఇచ్చే తిమ్మిరి చుక్కలు మాత్రం పదే పదే వేసుకోవద్దు, నొప్పి తెలీదు గానీ కన్ను మానడం ఆగిపోతుంది. ఎండ కళ్ళజోళ్ళు వెల్డింగ్‌కి పనికిరావు, షేడ్ 10 లేదా 11 ఉన్న అద్దం కావాలి. పక్కన నిలబడి చూసే పిల్లల్ని కూడా తోలేయండి.

గోదారిగట్టు
థాంక్సండీ, తీసుకెళ్తున్నాం. ఆలుగడ్డలు కూరకే పంపించేశాం.

ట్రాలీతాత
జీఐ పైపు అతికేటప్పుడు బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పొగ పట్టదు, ఇది మాత్రం పరీక్ష చేసిందే.

ఐటీఐ_సారు
తాతగారూ, బెల్లం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళదు. ఆ తెల్లపొగ పైపు పూతలోని జింకుది, సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. అతికే చోట పూత గ్రైండ్ చేసెయ్యడం, గాలి వాటం చూసుకుని నిలబడడం, మాస్కు. బెల్లం తర్వాత తినండి.

ఖమ్మం_మిర్చి
కర్రు మీద హార్డ్ రాడ్డు (అరగకుండ గట్టి పూత వేసేది) కొడితే ఎక్కువ కాలం వస్తదంటరు, నిజమేనా?

సీమ_శనక్కాయ
మా ఎర్రిసుక నేలల్లో బాగా వస్తాది. ఒక పక్కనే, మూతి అంచున కొట్టల్ల. రెండో పక్క మెత్తగా అరిగితే మూతి దానంతటదే పదునుగా ఉంటాది. బీడు మీద సన్న పగుళ్ళు వస్తాయి, భయపడద్దు, ఆ రాడ్డు తీరే అంత. రాళ్ళు ఎక్కువుంటే మాత్రం పెచ్చులు లేస్తాది.

శీను_వెల్డింగ్‌వర్క్స్
ఇక్కడ నేను ఒప్పుకోను. చిన్న కర్రుకి ఆ రాడ్ల ఖర్చు పెడితే కొత్త కర్రే వస్తుంది. పెద్ద ఎంబీ ప్లౌ (మట్టి తిరగేసే నాగలి) మూతులకి, చెరకు యంత్రాల కత్తులకి అయితే సరే.

సీమ_శనక్కాయ
కర్రు రేటు ఒకటే చూస్తే అట్లనే ఉంటాది, పొలంలో నిలబెట్టి తొమ్మిది కర్రులు మార్చే టైముకి డబ్బు లేదా?

కొలిమి
మేం ఆ రాడ్డూ కొట్టం, కొత్తదీ కొనం, పాత కమాన్‌పట్టా ముక్క మూతికి అతికి సాగగొట్టి నీళ్ళు పట్టిస్తాం. ఇంకా అడిగేవాళ్ళున్నారు. అన్నట్టు కమ్మరి పనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే, 2023 సెప్టెంబర్లో మొదలైన పీఎం విశ్వకర్మలో మన పని ఉంది, అయిదు నుంచి ఏడు రోజుల ట్రైనింగు, రోజుకి 500, పనిముట్లకి 15,000 ఇస్తారు. కొలిమికి బ్లోయరో గ్రైండరో వస్తుంది.

పెదరేగడి
రెండు వారాల ముచ్చట చెప్తున్నా. పిన్ను ఎర్రగా కాల్చి కొడితే వచ్చింది, లోపలంతా తుప్పు, కొత్త పిన్ను వేసి గ్రీజు పెట్టా. స్ప్రింగులు అన్నీ ఒకే లెవెల్‌కి వదులు చేశా. రవ్వలు చూస్తే బోల్డన్ని పూలు పూసినయ్, కార్బనే. రెండు వైపులా వీ కొట్టి, పొయ్యి బర్నర్‌తో గడ్డి రంగు వచ్చేదాకా కాల్చి, సీలు తీసిన రోజే 7018 కొట్టా. 120 ఆంప్స్ దగ్గర బాగా పారింది. మొదట వోల్టేజీ చాలక మిషన్ ఆగిపోతుంటే చూస్తే పాకకి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ వైరు సన్నది, 4 స్క్వేర్ రాగి వైరు వేశాక సరైంది. బూడిదలో పూడ్చి తర్వాతి రోజు బిగించా. మొన్న వానకి పదునైతే దున్నాం, రెండు కాళ్ళూ నిలబడ్డాయి. వేరే కాలు కర్రు బోల్టు తెగింది.

ట్రాలీతాత
దాన్ని అతుకు.

పెదరేగడి
బోల్టు కొన్నా తాతా 😀

మెక్_చదివినోడు
పక్కన బలానికి పట్టీ వేశావా?

పెదరేగడి
లేదు. వెయ్యాలా?

మెక్_చదివినోడు
వేస్తే కాలికి అడ్డంగా అతుకు గీత రాకుండా చూడు. చివర్లు కోసుగా, పతంగి ఆకారంలో కోసి నిలువు అంచులకే అతుకు వెయ్యి. చదరంగా వేస్తే ఆ అడ్డగీత దగ్గరే మళ్ళీ పగులుతుంది. నా లెక్కలో, నిలబడ్డప్పుడు వెయ్యకపోవడమే మంచిది.

ఖమ్మం_మిర్చి
ఇదే చర్చల ఇంకోటి. ట్రాలీ హుక్కు పిన్ను రంధ్రం అరిగి గుడ్డు షేపైంది. వెల్డింగ్‌తోని నింపి మళ్ళ రంధ్రం కొట్టించొచ్చా?

శీను_వెల్డింగ్‌వర్క్స్
రోడ్డెక్కే బండా, పొలంలో తిరిగేదా?

ఖమ్మం_మిర్చి
మిర్చి బస్తాలేసుకొని మార్కెట్‌కు పోతది.

శీను_వెల్డింగ్‌వర్క్స్
అయితే నింపకు. హుక్కు మొత్తం మార్చు, బోల్టులతో బిగించే పోత హుక్కు కాదు, ఫోర్జింగ్‌ది (కాల్చి, కొట్టి చేసింది) అడుగు, సేఫ్టీ గొలుసు కూడా వేయించు. యాక్సిల్ గాని, హుక్కు గాని అతికిన ట్రాలీ వెనకాల నేను బైకు మీద కూడా పోను.

ఖమ్మం_మిర్చి
ఫోర్జింగ్‌ది అని గుర్తువట్టుడెట్ల?

కొలిమి
పోతదానికి గరుకుగా ఇసుక అచ్చు తెలుస్తుంది, మధ్యలో సన్నటి అచ్చు గీత ఉంటుంది. ఫోర్జింగ్‌దానికి గీత వెడల్పుగా, గ్రైండ్ చేసినట్టు ఉంటుంది. సుత్తితో కొట్టి చూడు, ఫోర్జింగ్‌ది గంటలా మోగుద్ది. అనుమానముంటే షాపులోనే మూలన గ్రైండర్ పెట్టమను, రవ్వలు చెప్తాయి.

ఖమ్మం_మిర్చి
షాపాయన గ్రైండర్ పెట్టనిస్తడా?

కొలిమి
పెట్టనివ్వకపోతే ఇంకో షాపు చూడు.